తాబేలు వీపు మీది ఎండ

అద్దాల మేస్త్రి పెళ్లాం పోయిన బాధతో పిచ్చెత్తి, డాబా మీద తాను కట్టుకున్న అద్దాల గదిని సుత్తి పెట్టి పగలగొట్టాడని ఆ వీధిలో చెప్పుకుంటారు. ముందుగా ఆ మాట అన్నది ఎదురు మేడ మీద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. ఆ తరువాత ఎవరికి తోచింది వాళ్లు కలిపారు. కొందరి నోట్లో సుత్తి కాస్తా గొడ్డలైంది. ఆ గాజు పెంకులు తమ కాళ్లలో గుచ్చుకున్నాయని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. "పాపం, ఆవిడ పెంచుకున్న తాబేల్ని కూడా తన్నాడట" అని ఒకామె ముక్కు మీద వేలేసుకుంది. ఈ మాటలన్నీ మేస్త్రి చెవిన పడ్డాయి. ఆయన ఔననలేదు, కాదనలేదు.

ఆ తాబేలు ఆవిడ వెంటే ఆ ఇంటికి వచ్చింది. కాపురానికి వచ్చిన రోజు ఆమె ఒక చేత్తో బట్టల పెట్టె, ఇంకో చేత్తో గడ్డి పరిచిన బకెట్టు పట్టుకుని మెట్లెక్కింది. మేస్త్రి బకెట్టులోకి తొంగి చూసి, "ఇదేమిటి?" అన్నాడు.

"నాకన్నా వయసులో పెద్దది. కాస్త మర్యాదగా అడగండి" అంది కొత్త పెళ్లికూతురు.

"అలాగే. దొరగారు ఎవరు?"

ఆ పేరే స్థిరపడిపోయింది. నడక కూడా పేరుకు తగ్గట్టే ఉండేది. నాలుగడుగులు వేసి, ఆగి, మెడ చాచి లోకాన్నంతా ఓసారి చూసి, ఏదీ నచ్చనట్టు మళ్లీ కదిలేవారు దొరగారు. పిల్లలు లేని ఆ ఇంట్లో మూడో ప్రాణి అదే.

కింద మేస్త్రి కొట్టు. గోడల పొడవునా చెక్క చట్రాల్లో నిలువుగా అద్దాలు, నేల మీద ఎంత ఊడ్చినా మెరుస్తూనే ఉండే గాజు రవ్వ. పైన ఒక గది, వంటిల్లు. గది తలుపు తీస్తే రెండు మంచాలు పట్టేంత డాబా. ఆ సందులో మిగతా ఇళ్లన్నీ ఎత్తుగా లేచిపోయాయి. ఎండ అంటూ పడేది ఆ కాస్త డాబా మీదే. ఆవిడ అక్కడ ఒక మూల ఇటుకలు పేర్చి, దొరగారు తవ్వుకోవడానికి వీలుగా మట్టి నింపింది. నీడకు పగిలిన కుండను పక్కకు పడుకోబెట్టింది. వెచ్చగా పడుకోవడానికి ఒక బల్లపరుపు రాయి పెట్టింది. ఆకులే తప్ప తీపి పండు పెట్టనిచ్చేది కాదు. గుడ్డు పెంకులు ఎండబెట్టి, దంచి, ఆకుల మీద చల్లేది. పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, గడ్డం మునగకుండా అందులో కూర్చోబెట్టి, "దొరగారి జలకాలాట చూడండి" అని మేస్త్రిని పిలిచేది.

ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక చల్లగాలి పడకుండా పోయింది. డాబా మీదికి వస్తే దగ్గు తెర ఆగేది కాదు. లోపలే ఉంటే గది చీకటిగా, చెమ్మగా ఉండేది. మేస్త్రికి చేతనైంది ఒక్కటే పని. ఆ పనితోనే ఆవిడకు ఏదైనా చేయాలనుకున్నాడు. ఏళ్ల తరబడి పనుల్లో మిగిలిపోయిన అద్దాలను బయటికి తీశాడు. డాబా మొత్తానికి చెక్క చట్రం లేపి, నాలుగు పక్కలా, పైనా అద్దాలు బిగించాడు. ఒక అద్దం బ్యాంకు తలుపుది, ఒకటి ఎవరిదో స్నానాల గదిది, పువ్వులు చెక్కింది. ఇంకొకటి మూతబడ్డ మిఠాయి దుకాణానిది.

ఆవిడ లోపల కుర్చీ వేయించుకుని, "ఈ పూట బ్యాంకు ఎండలో కూర్చోనా, స్నానాల గది ఎండలో కూర్చోనా?" అని అడిగేది.

"బ్యాంకుదే మేలు. అది కాస్త ఖరీదైన ఎండ" అనేవాడు మేస్త్రి.

దొరగారికి అద్దం అర్థం కాలేదు. అవతల కనిపిస్తోంది కదా అని వెళ్లి ముక్కు గుద్దుకుని, వెనక్కి తగ్గి, మళ్లీ వెళ్లి గుద్దుకునేవారు. మేస్త్రి నాలుగు పక్కలా అద్దాల అడుగున జానెడు ఎత్తున గోధుమరంగు కాగితం అంటించాడు. దాంతో అది గోడ అనుకుని ఊరుకున్నారు. ఆ చలికాలమంతా ఆవిడా తాబేలూ అదే ఎండలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. కింద పని చేసుకుంటూ మేస్త్రి పైనుంచి దగ్గు వినిపించకపోతే ఊపిరి పీల్చుకునేవాడు. తన చేతుల్తో చేసిన వాటిలో అదే మంచి పని అనిపించేది.

చలికాలం చివర్లో దొరగారి వెనక కాళ్లు ఈడవడం మొదలైంది. తిండి తగ్గింది. ఒకరోజు నీళ్ల పళ్లెంలో ఉండగా ఆవిడ డొప్ప అంచున బొటనవేలితో నొక్కి, ఆగిపోయింది.

"ఏవండీ, నా వేళ్లకు బలం వచ్చిందా, ఏమిటి?"

మేస్త్రి నొక్కి చూశాడు. రాయిలా ఉండవలసిన డొప్ప తడిసిన అట్టలా లొంగింది.

తాబేల్ని అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె వయసులో చిన్నది, ఓపిక గలది. దాన్ని తిరగేసి చూసి, "ఇది ఆడదండీ" అంది.

"ఇన్నేళ్లూ దొరగారనే పిలిచాం."

"ఇకమీద దొరసానిగారు అనండి. ఎక్కడ ఉంచుతున్నారు?"

మేస్త్రి చెప్పాడు. మట్టి, కుండ, రాయి, ఆకులు, గుడ్డు పెంకు పొడి. ఆమె ఒక్కోదానికీ బాగుందన్నట్టు తలాడించింది. "మరి ఎండ?"

"పొద్దస్తమానం ఎండేనమ్మా. నాలుగు పక్కలా అద్దాలు, పైనా అద్దమే. నా చేత్తో బిగించాను. లోపల చెయ్యి పెడితే సుర్రుమంటుంది."

డాక్టరమ్మ తల పైకెత్తింది. "ఎండ అద్దంలోంచేనా?"

"అవును."

"అక్కడే వచ్చిందండీ చిక్కు. వెలుగు వస్తుంది, వేడి వస్తుంది. దీనికి కావలసింది మాత్రం అద్దం దగ్గరే ఆగిపోతుంది. ఎండ నేరుగా ఒంటి మీద పడకపోతే మీరు ఎంత పెంకు పొడి పెట్టినా డొప్పకు పట్టదు."

"మరకలేని అద్దమైనా?"

"ఏ అద్దమైనా అంతే."

మేస్త్రి తన చేతుల్ని చూసుకున్నాడు. చిన్నప్పటినుంచీ అద్దాలతో బతికిన మనిషి. గాలి ఆగుతుంది, వాన ఆగుతుంది, ఎండ ఆగదు అని ఇంటింటికీ చెప్పి బిగించినవాడు. ఎండలో ఒక ముక్క తన చేతికిందే ఆగిపోతోందని ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

"దీపాలు ఉంటాయి, తెప్పించాలంటే ఆలస్యమవుతుంది. అంతదాకా ఆగితే కాళ్లు పడిపోతాయి. ముందు ఎండలో పెట్టండి" అంది డాక్టరమ్మ.

దారి పొడవునా మేస్త్రి ఆలోచించాడు. సందులో పెడదామంటే అక్కడ ఎండ కన్ను కొట్టినట్టు వచ్చి పోతుంది, పైగా కుక్కలు. పై అద్దాలు మాత్రం తీద్దామంటే గాలి పైనుంచే దిగుతుంది. డాబాకి ఇంకో మూల లేదు. అద్దాలుంటే తాబేలుకు ఎండ లేదు, తీస్తే ఆవిడకు లేదు.

ఇంటికొచ్చి, "మందు రాసిచ్చింది, తగ్గిపోతుందట" అన్నాడు.

అక్కకు తోడుగా వచ్చి ఉంటున్న మరదలు, "హమ్మయ్య" అంది. ఆవిడ మాత్రం మొగుడి మొహం కేసి చూస్తూ ఉండిపోయింది.

"అబద్ధమాడితే మీ చెవులు ఎర్రబడతాయి. చెప్పండి."

చెప్పక తప్పలేదు. విని ఆవిడ తన ఒళ్లోకి చూసుకుంది. బ్యాంకు అద్దంలోంచి వచ్చిన ఎండ ఆవిడ మోకాళ్ల మీద ఉంది.

"అయితే అద్దాలు తియ్యండి."

"నీకు గాలి పడదు."

"నేను లోపల పడుకుంటాను."

మరదలు చేతిలోని చెంబు ఠంగుమని పెట్టింది. "బాగుంది బావా. తాబేలు కోసం మా అక్కను ఆ చెమ్మ గదిలో పడేస్తారా? అది మీకు ఏమవుతుందేం, మేనత్తా?"

"వాయించాలనుకుంటే నన్ను వాయించవే. తియ్యమన్నది నేను" అంది ఆవిడ.

"నీకు మతి పోయింది. ఎండ తగిలాకే కదా ఈమధ్య కాస్త తేరుకున్నావు?"

ఆవిడ దగ్గు ఆగేదాకా ఆగి, నెమ్మదిగా అంది. "నాలో ఇంక గట్టిపడేదేమీ లేదే. దానికి ఉంది. అది నాకంటే ముందు పోతే నేను చూడలేను. నా వెనకే పోతే మీ బావ ఈ ఇంట్లో ఎవరితో మాట్లాడతాడు?"

మరదలు వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. మేస్త్రి కిందికి దిగి, మేకులు పీకే పట్టుకారు వెతికి పక్కన పెట్టుకున్నాడు.

అద్దాలు దిగిపోయాయి. బ్యాంకు అద్దాన్ని మాత్రం మేస్త్రి గది తలుపుకు బిగించాడు. ఆవిడ మంచం మీదనుంచి అందులోంచి చూసేది. అవతల దొరసానిగారు రాయి మీద కాళ్లు బార్లా చాపుకుని, మెడ వదిలేసి, ఎండకు వీపు అప్పగించి పడుకునేవారు.

పొద్దు వాలేముందు మేస్త్రి తాబేల్ని ఎత్తుకొచ్చి ఆవిడ పక్కన దుప్పటి మీద పెట్టేవాడు. డొప్ప అప్పుడే పొయ్యి మీదనుంచి దించిన గిన్నెలా వెచ్చగా ఉండేది. ఆవిడ రెండు అరచేతులూ దాని మీద ఆనించి కళ్లు మూసుకునేది.

"ఇవాళ ఎండ బాగా కాసినట్టుంది" అనేది.

"బాగా కాసింది."

"అద్దంలోంచి వచ్చింది కాదు. అసలుది."

అలా రోజూ తాబేలు వీపు మీద ఎండ లోపలికి వచ్చేది. ఆవిడ బొటనవేలు రోజూ అంచున నొక్కి చూసేది. మొదట్లో లొంగేది. తరువాత తక్కువ లొంగింది. ఆ తరువాత ఆవిడ వేళ్లలోనే నొక్కే బలం పోయింది. "మీరు నొక్కి చెప్పండి" అనేది. మేస్త్రి నొక్కి, "గట్టిపడుతోంది" అనేవాడు. ఆవిడ ఆయన చెవుల కేసి చూసి, నమ్మేది.

ఎండలు ముదురుతుండగా ఒక మధ్యాహ్నం ఆవిడ పోయింది. ఏడుపులు విని వీధివాళ్లు మెట్లెక్కి వచ్చారు. దర్జీ మిషను ఆపి లేచి నిలబడి చూశాడు. అద్దాలు దించాక ఆ రోజుదాకా ఎవరికీ ఆ డాబా కేసి చూసే పని పడలేదు. చూసేసరికి అక్కడ ఒట్టి చెక్క చట్రం నిలబడి ఉంది, ఒక్క అద్దమూ లేదు. కథ అక్కడే పుట్టింది.

మరదలు వెళ్లిపోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "బావా, ఆ అద్దాలు ఉంచి ఉంటే..." అని, మిగతాది అనకుండా కళ్లు తుడుచుకుని మెట్లు దిగింది. మిగతాది మేస్త్రి రోజూ తనకు తాను అనుకుంటూనే ఉన్నాడు. జవాబు మాత్రం ఇంతవరకూ దొరకలేదు. అందుకే వీధివాళ్ల మాటను కాదనబుద్ధి కాలేదు. కాదంటే అసలేం జరిగిందో చెప్పాలి. చెబితే వాళ్లూ ఆ ప్రశ్నే అడుగుతారు.

ఇప్పుడు దొరసానిగారి డొప్ప రాయిలా ఉంది. వెనక కాళ్లు మట్టిని దూరంగా చిమ్ముతాయి. సాయంత్రం మేస్త్రి ఆమెను లోపలికి తెచ్చి, మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద పెడతాడు. వేడి చల్లారేదాకా అక్కడే కూర్చుంటాడు.

గది తలుపుకు బిగించింది తప్ప మిగతా అద్దాలన్నీ కింద కొట్టులో గోడకు ఆనించి ఉన్నాయి, మధ్య మధ్య పాత కాగితాలు పెట్టి. ఒక్కటీ పగలలేదు. వాటిని దించిన రోజు ఆవిడ బతికే ఉంది. గాలి లేని పూట చూసుకుని, గుమ్మంలో కుర్చీ వేయించుకుని, దుప్పటి కప్పుకుని, మేస్త్రి పీకిన మేకులన్నీ తన ఒళ్లో పట్టుకుంది.