కదలని బండ్ల లెక్క

మా సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కొత్తకోట దగ్గర హైవే పక్కన టేపు పట్టుకొని నిలబడి ఉన్నాను. "మీ సారు లేడు బిడ్డా" అంది అమ్మ, అంటే ఆయన భార్య. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇక నా లెక్క ఎవరు సరిచూస్తారు?

వనపర్తిలో బిల్డింగ్ ప్లాన్లు గీసే పని నాకు నేర్పింది ఆయనే. మా చేతిలోని చివరి పని ఆ హైవే పక్కన కట్టబోయే హోటల్. సోలార్ ప్లాంట్లలో, కాలువ పనుల్లో చేసేవాళ్లు నెలల తరబడి ఉండటానికి, గదిగదికీ వంటిల్లుతో అరవై గదులు. బండ్లకు ఎంత చోటు వదలాలో నేను లెక్క వేశాను. పొద్దున ఒక బండి పోతే సాయంత్రం ఆ చోటుకే ఇంకోటి వస్తుంది కదా, ముప్పై చాలని రాశాను. మామూలు లాడ్జీలకు వేసే లెక్కే అది.

సారు కాగితం చూసి మడిచారు. ఇంటి ముందు రేకుల కింద ఉన్న తన స్కూటర్ దగ్గరికి నన్ను తీసుకుపోయారు. జేబులోంచి సుద్దముక్క తీసి, ముందు టైరు మీద నుంచి నేల మీదికి ఒకే గీత గీశారు.

"బండి కదిల్తే గీత తెగుతది. నెల కిరాయికుండేటోళ్ల బండ్లకు గిట్లనే గీసి, రోజూ పోయి చూడు."

నెల కిరాయికి ఉండేవాళ్లున్న ఊళ్లోని ఒక లాడ్జిలో బండ్లకు గీతలు గీసి, మూడు రోజులు చుట్టూ తిరిగాను. చాలా గీతలు తెగనే లేదు. మనుషులు కంపెనీ బస్సులో పనికి పోతారు, సొంత బండ్లు ఉన్నచోటే ఉంటాయి. ఆ మాట చెప్పడానికి పోయేసరికి సారు జ్వరంతో మంచం మీద ఉన్నారు.

"నువ్వు కదుల్తయని లెక్కేసినవ్. అవి కదలయి. జాగ లేకుంటే రోడ్డు మీద వెడ్తరు" అన్నారు.

ఆయన ఇంటికి ఎవరొచ్చినా "తిన్నవా" అనే ముందు "బండి ఏడ వెట్టినవ్?" అని అడిగేవారు. పెళ్లిళ్లలో గేటుకు ఎదురుగా కూర్చొని, రోడ్డు మీద ఆగే కార్లను చూస్తూ అన్నం చల్లార్చుకునేవారు. "పెండ్లికొచ్చినవా, బండ్ల కావలికొచ్చినవా?" అని అమ్మ దెప్పేది. మేం నవ్వేవాళ్లం.

బండ్ల మీద ఆయనకు అంత ధ్యాస ఎందుకో ఆ మంచం మీద నుంచే చెప్పారు. చాలా ఏళ్ల కింద గోపాల్‌పేట దారిలో ఒక ఫంక్షన్ హాలుకు ప్లాన్ గీశారట. ఓనరు బతిమాలితే పది కార్ల చోటు తగ్గించారట. ఒక పెళ్లినాడు కార్లు రోడ్డు అంచున బారుగా నిలిచాయి. సైకిల్ మీద పాలు పోసే ఒకాయన వాటిని తప్పించబోయి లారీ కింద పడ్డాడు.

"పోలీసోళ్లు లారీ డ్రైవర్‌ను తీస్కపోయిండ్రు. నన్ను ఎవ్వలడగలే. గదే రా నా భయం."

ఆయన జ్వరం తగ్గలేదు. నేను మాత్రం ముప్పైని అరవై చేశాను. ప్లాన్ మీద సారు సంతకం ఇంకా కాలేదు.

ఫోన్ రాగానే సారు ఇంటికి వెళ్లాను. హోటల్ కట్టించే ఆయన కూడా వచ్చాడు. దండ వేసి, నన్ను పక్కకు పిలిచాడు. "సారు మంచోడు గని, భయం జాస్తి. నువ్వు పెంచిన ముప్పై తీసెయ్యి, ఆడ తోట వెడ్దాం. సంతకం ఇగ నీదే గద" అన్నాడు. ఆయన మాట కాదంటే నాకు ఈ ఊళ్లో ఇంకో పని రావడం కష్టం. సరే అంటే ఏమవుతుందో సారు చెప్పే ఉన్నారు.

అంతలో అమ్మ పిలిచింది. "జర ఆ స్కూటర్ జరుపు బిడ్డా. వైకుంఠ రథం లోపలికి రావాలె."

రేకుల కింద స్కూటర్ అలాగే ఉంది. టైరు మీది గీత, నేల మీది గీత ఇంకా కలిసే ఉన్నాయి. హ్యాండిల్ పట్టుకొని చాలాసేపు తొయ్యలేకపోయాను. తోసినప్పుడు గీత తెగింది. అప్పుడు వచ్చింది ఏడుపు.

"అరవయ్యే ఉంటయన్నా" అన్నాను హోటల్ ఆయనతో, అక్కడే నిలబడి. ఆయన గేటు దాటి వెళ్లిపోయాడు.

వైకుంఠ రథం రివర్సులో మెల్లగా గేటు వైపు వచ్చింది. రోడ్డు మీద ఒక్క చక్రం కూడా మిగలకుండా లోపలికి వచ్చి, నేల మీద మిగిలిన ఆ సగం గీత మీద ఆగింది.