నేను జాబితాలోంచి తీసేసిన గ్వానకోలు

ఒక పరిశోధన పత్రం చివర, చీమల్లాంటి అక్షరాల్లో, నాకు కృతజ్ఞతలు ఉన్నాయి. "జాబితా సరిచూడడంలో సాయం చేసినందుకు" అని. మా తమ్ముడు దాన్ని ప్రింటు తీసి, అనంతపురంలో మా ఇంటికి ఎవరొచ్చినా చూపిస్తాడు. బి.కాం. చదివిన మా అక్క దక్షిణ అమెరికాలో అడవి జంతువులను కాపాడిందని చెబుతాడు. నేనేమీ కాపాడలేదు. జాబితా సరిచూసిన మాట నిజమే. అంతకు ముందు దాన్ని పాడుచేసింది కూడా నేనే. ఆ సంగతి పత్రంలో లేదు. అది తెలిసినవాళ్ళం ముగ్గురమే, మిగతా ఇద్దరూ మంచివాళ్ళు కాబట్టి ఎక్కడా అనరు. అందుకని నేనే రాయాలి.

సింగపూరులో బ్యాంకులు తమ వెనక ఆఫీసులను చాంగీ బిజినెస్ పార్కుకు తరలిస్తున్న రోజులవి. మన ఊళ్ళ నుంచి కంప్యూటరు పని తెలిసినవాళ్ళనూ, తెలుసని చెప్పినవాళ్ళనూ విమానాలకు విమానాలు నింపి తెచ్చుకుంటున్నారు. నేను రెండో రకం. నా పని ఖాతాదారుల జాబితాలు శుభ్రం చేయడం. ఒకే మనిషి పేరు జాబితాలో రెండుసార్లు ఎక్కి ఉంటుంది. ఒకచోట పేరు ముందు ఇంటిపేరు, ఇంకోచోట పొడి అక్షరం. పాస్‌పోర్టు నంబరు చూసి ఇద్దరూ ఒకరేనని తేల్చి ఒక వరస తీసేయాలి. ఏడాది తిరిగేసరికి నా కళ్ళు ఎలా తయారయ్యాయంటే, కాఫీ కొట్టు పలకమీద ఒకే వంటకం రెండుసార్లు రాసి ఉన్నా చెయ్యి తుడవడానికి లేచేది.

ఉండేది యీషున్‌లో, ఒక ఆంటీ ఫ్లాటులో అద్దె గది. అక్కడి నుంచి ఆఫీసు దగ్గరి ఎక్స్‌పో స్టేషనుకు గంటకు పైగా ప్రయాణం, రెండు చోట్ల రైలు మారాలి. ఆ గంటే నన్ను చదివించింది. ఇంటి దగ్గర షాపింగ్ సెంటర్ పై అంతస్తులో లైబ్రరీ ఉండేది. మొదటిరోజు చల్లదనం కోసం వెళ్ళాను. నేల మీద కూర్చున్న బడిపిల్లల మధ్య, పేపరు చదువుతూ నిద్రపోయే అంకుల్ల మధ్య, ఎవరూ నన్ను ఎందుకొచ్చావని అడగలేదు. హాకర్ సెంటర్ తిండికొట్ల దగ్గర చేసినట్టు టిష్యూ పొట్లం పెట్టి కుర్చీ చోప్ చేసుకుని, అంటే నాదని పట్టి ఉంచుకుని, పుస్తకం తేవడానికి వెళితే, పక్కనున్న చైనా అంకుల్ నవ్వి, పొట్లంలోంచి ఒకటి తీసుకుని ముక్కు తుడుచుకున్నాడు. పదో తరగతితో సైన్సు వదిలేసినదాన్ని, ఆ కుర్చీలో జీవశాస్త్రం మొత్తం మళ్ళీ మొదలుపెట్టాను. అర్థమైన ప్రతి మాటనూ తెలుగులో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఇప్పటికీ నా దగ్గర ఏడు నోటుబుక్కులున్నాయి. ఆ ఏడింటినీ చూసుకుంటే నాకు గర్వం, దాచుకోను.

పక్కగదిలో వరంగల్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని ఉండేది. నన్ను అక్కా అనేది, నేను పాపా అనేదాన్ని. ఆమె పని గ్వానకోల మీద. అవి దక్షిణ అమెరికా కొండల్లో, చలిమైదానాల్లో తిరిగే అడవి జంతువులు. ఒంటెల కుటుంబమే కానీ మూపురం ఉండదు. మెడ పొడవు, ఒళ్ళు దాల్చినచెక్క రంగు, మొహం బూడిద రంగు. అక్కడివాళ్ళు పెంచుకునే లామాలకు పూర్వికులు ఇవే. ఒకప్పుడు లెక్కలేనన్ని ఉండేవి. వేట వల్ల, గొర్రెల పొలాల కంచెల వల్ల చాలాచోట్ల చిన్న చిన్న మందలుగా విడిపోయాయి. అలా విడిపోయిన ఒక మంద ఈమెది. "ఈమెది" అంటున్నాను గానీ, ఆమె ఎప్పుడూ చూడలేదు. అక్కడివాళ్ళు పేడ నమూనాలు గొట్టాల్లో సేకరించారు. వాటిలోంచి చదివిన డి.ఎన్.ఏ. అక్షరాల వరసలు ఫైళ్ళుగా ఇక్కడికి వచ్చాయి.

ఆంటీది తాతలనాడు విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబం. ఆమెకు ఈ చదువు అంతుపట్టేది కాదు.

"అలామక్! ఇంత దూరం ప్లేన్ ఎక్కి వచ్చి పేడ చదవడమేంటమ్మా? మీ ఊళ్ళో పేడ లేదా?"

"ఉన్నది ఆంటీ, గని అది ఇంత మంచిగ మాట్లాడది."

"మాట్లాడితే మకాన్ తిన్నాక మాట్లాడమను. చెయ్యి కడుక్కో ముందు."

ఆ మందలో జంతువుల మధ్య తేడాలు ఎన్ని ఉన్నాయో తేల్చడం పరిశోధన. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. మా జిల్లాలో అందరూ ఒకే రకం వేరుశనగ విత్తి, ఒకే తెగులుకు అందరి చేలూ ఎండడం చూసినదాన్ని. మందలో రకరకాలవి ఉంటే రోగానికి కొన్ని పోయినా కొన్ని నిలుస్తాయి. అన్నీ ఒకటే అయితే అన్నీ ఒకేసారి పోతాయి. మంద చుట్టూ గొర్రెల యజమానుల కంచె ఉంది. కంచె అవతల, కొంత దూరంలో, పెద్ద మంద ఉంది. కంచెలో దారి తెరవమని యజమానులతో పోట్లాడాలా వద్దా అని అక్కడివాళ్ళు ఈమె ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు. తేడాలు బాగానే ఉన్నాయని ఈమె రాస్తే పోట్లాట అక్కర్లేదు. కంచె అలాగే ఉంటుంది.

ఆ సమయంలో ఆమెకు కళ్ళకలక వచ్చింది. రెండు కళ్ళూ ఎర్రగా వాచి, తెర వైపు చూడలేకపోయింది. అక్కడివాళ్ళు రాసిన జాబితానూ ల్యాబు జాబితానూ కలపాల్సి ఉంది.

"అక్కా, నీ పని గదే గద, జర చేసి పెట్టు. కొన్ని గొట్టాలు రెండుసార్లు ఎక్కినయి. గవి ఒక్కటిగ చెయ్యి, అంతే."

ఆఫీసులో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు. శనివారం పొద్దున కూర్చున్నాను. గొట్టాల పేర్లు చూసి, రెండుసార్లు ఎక్కినవి ఒకటి చేయడానికి అరగంట పట్టింది. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ నా కళ్ళు అక్షరాల వరసల మీద పడ్డాయి. వేరు వేరు గొట్టాలు, కానీ అక్షరాలు ఒకటే. మళ్ళీ ఒకటే. మళ్ళీ. నాకు ఒళ్ళు పులకరించింది. ఏ రెండు జీవుల డి.ఎన్.ఏ. పూర్తిగా ఒకటి కాదని మూడో నోటుబుక్కులో రాసుకున్నాను. గ్వానకోలు మళ్ళీ మళ్ళీ ఒకేచోట పేడ వేసి గుట్టలు చేస్తాయని అయిదో దాంట్లో రాసుకున్నాను. రెండూ కలిపితే అర్థం స్పష్టం: ఒకే జంతువు పలుమార్లు వచ్చి వెళ్ళింది, పాపం ఆ అమ్మాయికి తెలియలేదు. పాస్‌పోర్టు నంబరు దొరికినట్టే. ఒక్కో రకానికి ఒక వరస ఉంచి మిగతావన్నీ తీసేశాను. పేజీన్నర జాబితా అర పేజీకి దిగింది. ఇంత శుభ్రమైన జాబితా ఆఫీసులో కూడా ఎప్పుడూ చేయలేదు.

"ఇన్నే మిగిలినయా?" అంది ఆమె, తడిగుడ్డ కళ్ళ మీంచి తీసి. "పోనీలే. పేడ నమూనాలల్ల చాలా పోతయని మా గైడు సారు ముందే చెప్పిండు."

నేను చేసింది తర్వాత చెప్పి ఆశ్చర్యపరుద్దామని ఊరుకున్నాను.

నాలుగు రోజులకు కళ్ళు తేటపడ్డాయి. ఆ సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! ప్రోగ్రాం నడిపిన. ఒక్కటి ఇంకోదానితోని కలుస్తలేదు! అన్నీ వేరే వేరే! ఇంతకన్న ఎక్కువ తేడా ఉండనే ఉండది. మా మంద మంచిగున్నదక్కా!"

ఆంటీ చేతులు పట్టుకుని వంటింట్లో తిప్పింది. ఆంటీ "విడు లా, కూర మాడుతుంది" అంటూనే తిరిగింది. నేను ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో ఉండగా అలాగే నిలబడ్డాను. ఒక్కటీ కలవదు. ఎలా కలుస్తుంది? కలిసిన ప్రతిదాన్నీ నేనే తీసేశాను కదా.

అయినా ఒప్పుకోలేదు. నేనే సరి అని చెప్పే పుస్తకం కోసం మర్నాడు లైబ్రరీకి వెళ్ళాను. దొరకలేదు. రెండోరోజు, ఎప్పుడూ ఎత్తలేక వదిలేసిన లావు పుస్తకం దించాను. అందులో ఉంది. అంతకు ముందు నేను రాసుకున్నది జీవి మొత్తం డి.ఎన్.ఏ. గురించి. ఈ అమ్మాయి చదివేది అందులో చిన్న ముక్క, తల్లి నుంచి బిడ్డకు దాదాపు మారకుండా వచ్చేది. ఒక్క తల్లి సంతతి అయితే మంద మొత్తం ఒకటే ముక్క మోయవచ్చు. దాన్ని తెలుగులో నోటుబుక్కులోకి ఎక్కించాను, అక్షరం పొల్లుపోకుండా. ఎక్కించి, ఇంటికెళ్ళి, ఏమీ చెప్పలేదు. ఇది రాయడమే నాకు కష్టంగా ఉంది. తెలియక తీసేసినందుకు కాదు, తెలిశాక కూడా ఒక రోజు నోరు మూసుకున్నందుకు. నాకు తెలియదని ఆ అమ్మాయికి తెలియకూడదు, అదే నా బాధ.

మూడోరోజు పొద్దున ఆమె ఉప్మా తింటోంది.

"పాపా, ఆ ఉత్తరం పంపినావా?"

"ఇంక లేదక్కా. సారు ఇయ్యాల చూస్తడు, రేపు పంపుడే. ఏంది?"

"నేను వరసలు తీసేసినా."

"రెండుసార్లు ఎక్కినయే గద? నేనే చెప్పిన."

"అవి కాదు. అక్షరాలు ఒకేలా ఉండేటివన్నీ తీసేసినా. ఒకే జంతువు అనుకున్యా."

చెంచా ఆగింది. "అన్నీ?"

"అన్నీ. రకానికి ఒకటి పెట్టి."

"అక్కా, ఏ పేడ ఏ జంతువుదో ఆడోళ్ళు చూసుకుంటనే ఏరిండ్రు. ఈ ముక్క ఇంటిపేరసొంటిది. తల్లి దిక్కుకెల్లి వస్తది. ఒక్క ఇంటిపేరోళ్ళు మీ ఊళ్ళె ఎంతమంది ఉంటరు? అందర్ని కలిపి ఒక్కరిని చేస్తవా?"

"చేసినా."

పళ్ళెం పక్కకు జరిపింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"అనుమానం మూడు దినాల నుంచి ఉండాది. నిన్న పుస్తకంలో చూసినా."

"నిన్ననే చెప్తె ఏమైతుండె?"

"నువ్వు అంత సంతోషంగా ఉంటివి..."

"నా సంతోషం ఏం చేస్కుంటరక్కా వాళ్ళు? ఆడ కంచె ఉన్నది."

ఆంటీ పొయ్యి దగ్గర నుంచి అంతా విన్నది. వచ్చి నా పళ్ళెంలో కూడా ఉప్మా పెట్టింది. తప్పు చేసినవాళ్ళకు కూడా పెడతారని నాకు అప్పుడు తెలిసింది.

"పాత ఫైలున్నదా?" అని అడిగింది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి.

ఉంది. పాతది దాచకుండా ఏదీ తుడవకూడదన్నది మా ఆఫీసులో మొదటి పాఠం. ఆమె సారుకు ఫోను చేసి ఆగమంది. తప్పు తనదేనని చెప్పింది. నేను ఫోను లాక్కోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "జాబితా నాది. చూసుకోవాల్సింది నేను," అంది తర్వాత.

ఆదివారం పొద్దున ముగ్గురం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె చదవడం, నేను గుర్తు పెట్టడం. పేడగుట్టలకు అక్కడివాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. స్పానిష్ నిఘంటువు చూసి ఆమె వాటిని ఎప్పుడో తెలుగు చేసుకుంది. ఎర్రరాయి. ఉప్పుమడుగు. ముసలమ్మ మోకాలు. విరిగిన గేటు. గాలిసందు.

"పేడకి కూడా పేర్లా లా!" అంది ఆంటీ. "మా బ్లాకుకే పేరు లేదు, నంబరే."

కాసేపటికి ఆమే కళ్ళజోడు పెట్టుకుని, నేను ఎక్కడైనా వరస దాటేస్తానేమోనని వేలు పెట్టి కాపలా కాసింది. ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి, నేను తీసేసినవన్నీ. మధ్యాహ్నానికి ప్రోగ్రాం నడిపింది. కొన్ని ఇంటిపేర్లు ఒక్కొక్క జంతువుకే ఉన్నాయి. మిగతా మంద అంతా ఒకటే ఇంటిపేరు. ఆమె ఏడవలేదు గానీ లేచి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. నాలుగు రోజుల కిందట ఇదే వంటింట్లో తిరిగిన పిల్ల.

"మంచిగ లేదక్కా మంద," అంది చివరికి.

"రాయి మరి," అంది ఆంటీ. "మంచిగా లేనోళ్ళ గురించే కదమ్మా ఉత్తరం రాయాల్సింది."

రాసింది. చాలా నెలల తర్వాత అక్కడి నుంచి ఒక ఫొటో వచ్చింది. పొడి గడ్డి, దూరంగా కొండలు, నడుమ కంచె. ఒకచోట రెండు కూసాలు పీకి తీగ చుట్టచుట్టి పక్కన పెట్టారు. ఫొటోలో గ్వానకోలు లేవు. అవతలివి వచ్చాయో లేదో నాకు తెలియదు. దారి మాత్రం ఉంది.

ఇక కృతజ్ఞతలు. మనుషుల పేర్లు రాయనని మాటిచ్చాను కాబట్టి, ఎవరో వాళ్ళకే తెలుస్తుంది. తన తప్పు కానిదాన్ని తనదని చెప్పిన వరంగల్ పిల్లకు. ఉప్మా పెట్టిన ఆంటీకి. నా టిష్యూ వాడుకుని, కుర్చీ మాత్రం నాకే ఉంచిన అంకుల్‌కు. ఆ లావు పుస్తకాన్ని అందేంత ఎత్తులో పెట్టిన లైబ్రరీ ఉద్యోగికి. చలిలో వంగి పేడ ఏరినవాళ్ళకు. పాతది దాచమని నేర్పిన మా టీమ్ లీడరుకు.

పేర్లు రాయగలిగినవాళ్ళు కొందరున్నారు. ఒకరోజు నేను లేరని తీసేసినవాళ్ళు, ఉన్నారని మళ్ళీ రాసుకున్నవాళ్ళు. ఎర్రరాయి దగ్గరివాళ్ళకు, ఉప్పుమడుగు దగ్గరివాళ్ళకు, గాలిసందు దగ్గరివాళ్ళకు, ముసలమ్మ మోకాలు దగ్గర ఒకరి పక్కన ఒకరుగా ఆగి వెళ్ళిన ఇద్దరికి, విరిగిన గేటు దగ్గరి ఒక్కదానికి.