లేని వేళ్ల కింద అక్షరాలు

ఆ రోజుల్లో మధ్యాహ్నం కాస్త కునుకు పట్టిందంటే చాలు, పోయిన నా రెండు వేళ్లూ తిరిగొచ్చేవి. వచ్చి ఊరుకునేవి కావు, కీబోర్డు మీద నడిచేవి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు. పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు వాటిని తీసుకుంది. అంతకుముందు నేను కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ ఆపరేటర్‌ని. ఇనుప కడ్డీ బిగించి, ప్రోగ్రామ్ ఎక్కించి, మీట నొక్కితే మెషిన్ తనంతట తానే చెక్కుకుంటూ పోతుంది. ప్రోగ్రామ్ అంటే ఇంకేమీ కాదు, కొన్ని వరుసల అక్షరాలూ అంకెలూ.

గాయం మానాక మేనేజర్ పిలిచారు. ప్రోగ్రాములు దిద్దడం నేర్చుకుంటే ప్రోగ్రాముల గదిలో పని, లేదంటే గేటు దగ్గర కుర్చీ అన్నారు. వచ్చేపోయే లారీలకు చెయ్యెత్తుతూ కూర్చునే బతుకు నాకొద్దు. మెషిన్‌కు దూరమైతే నేనేమైపోతానో నాకే తెలియదు. నిజంగా భయం వేసింది.

ప్రోగ్రాముల గదిలో నాకు నేర్పింది ఒక అమ్మాయి. వాళ్ల నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ప్రోగ్రాములు దిద్దడానికి ఆమె కంప్యూటర్‌లో వాడే ఎడిటర్‌లో బొమ్మలు లేవు, మౌస్‌తో పని లేదు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. ఒక స్థితిలో అక్షరం నొక్కితే అక్షరమే పడుతుంది. ఇంకో స్థితిలో అదే అక్షరం ఆజ్ఞ అవుతుంది. కిందికి దిగు, పైకి ఎక్కు, వరుస చెరుపు. ఇది నాకు చప్పున అర్థమైంది. మా మెషిన్‌కూ రాసే మోడ్ వేరు, నడిచే మోడ్ వేరు. ఇంకేముంది, అంతా తెలిసిపోయిందనుకుని అక్కడే బోర్లా పడ్డాను.

సీఎన్‌సీ మీద పని చేసినవాడికి ఒక అలవాటు ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. ఏది మొదలుపెట్టినా ముందు మెషిన్‌ను హోమ్‌కు, అంటే దాని మొదటి చోటుకు పంపాలి. పంపకపోతే ఇనుము చెక్కే టూలు ఎక్కడుందో దానికే తెలియదు. కీబోర్డు మీద హోమ్ అని రాసిన కీ కనబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి మాట కొట్టే ముందూ దాన్ని భక్తిగా నొక్కాను. నొక్కినప్పుడల్లా అది వరుస మొదటికి పరుగెత్తింది. చివరి మాట ముందుకీ, మొదటి మాట చివరికీ వచ్చి కూర్చున్నాయి.

"ఏంటన్నయ్యా ఇది, ప్రోగ్రామంతా రివర్సులో ఉంది!" అని ఆ అమ్మాయి నవ్వింది.

"హోమ్ గొట్టకుండ ఎట్ల మొదలువెడ్తరమ్మా? టూలు పోయి గుద్దుకుంటది గద."

"ఇక్కడ గుద్దుకోడానికి ఏమీ లేదన్నయ్యా. అన్నీ అక్షరాలే."

ఆ మాట నాకు ఎంత బాగుందో! బతుకంతా ఏది దేనికి తగులుతుందోనని బెదురుతూ పని చేసినవాణ్ణి. ఏదీ దేనికీ తగలని ఆ నలుపులో, వరుసల మధ్య, సగం నిద్రలో ఉన్నట్టు తిరిగేవాణ్ణి. చేసిన పనిని వెనక్కి తీసుకునే అక్షరం కూడా ఒకటుందని ఆమె చెప్పిన రోజు, దాన్ని ఊరికే నొక్కుతూ చాలాసేపు కూర్చున్నాను.

అంతా బాగానే ఉంది కానీ, కిందికి దించే అక్షరం, పైకి ఎక్కించే అక్షరం సరిగ్గా ఆ లేని వేళ్ల కిందే ఉన్నాయి. ఉంగరపువేలు సాగదీసి నొక్కితే పక్క కీ పడేది, తెర ఎక్కడికో ఎగిరిపోయేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. కీబోర్డును చరిచేవాణ్ణి.

"ఇందులో ఏ కీ ఏం చేయాలో మనమే రాసుకోవచ్చు అన్నయ్యా. ఆ రెంటినీ ఎడమచేతి కిందికి మార్చుకుందాం" అంది.

వద్దన్నాను. మా ఇంట్లో ఎడమచేత్తో పసుపు కూడా అందుకోరు. పూజ చేసిన మెషిన్‌ను ఎడమచేత్తో మొదలుపెట్టిన మనిషిని మా షెడ్డులో నేను చూడలేదు. అన్నం పెట్టే పనిని తీసుకెళ్లి ఆ చేతికి అప్పజెప్పాలా? పంతం పట్టి కూర్చున్నాను. గేటు దగ్గరి కుర్చీ మాత్రం రోజురోజుకూ దగ్గరవుతోంది.

ఒక ఆదివారం, కర్దనూర్‌లో మా ఇంట్లో, మధ్యాహ్నపు కలలోంచి లేచి లేని వేళ్ల చోట గోక్కుంటుంటే నా భార్య చూసింది. ఏమైందని అడిగితే మొత్తం చెప్పేశాను.

"బిడ్డ చిన్నగున్నప్పుడు ఏ చేత్తోటి ఎత్తుకున్నవ్?" అంది, ఉల్లిగడ్డలు కోస్తూనే.

"ఎడమ చేత్తోటి."

"ఎందుకట్ల?"

"కుడిచేత్తోటి పని జేసుకోవాలె గద."

"మరి బిడ్డను మోసిన చెయ్యి గిప్పుడు పనికిరాకుండ పోయిందా? పరేషాన్ గాకు. జల్దీ పోయి మార్పిచ్చుకో."

సోమవారం పొద్దున ఆ మార్పును ఆ అమ్మాయి నాచేతే రాయించింది. రెండే వరుసలు. సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచాను. ఎడమచేతి వేలు కదిలితే తెర కిందికి దిగింది, బావిలోకి బొక్కెన దిగినట్టు నిమ్మళంగా. ఆ రోజంతా దిగుతూ, ఎక్కుతూ గడిపాను. సంతోషంగా ఉంది.

కొన్నాళ్లకు, మొదటినుంచి చివరిదాకా నేనే దిద్దిన ప్రోగ్రామ్ నా పాత మెషిన్ మీదికే వెళ్లింది. దాన్ని ఇప్పుడు నడిపేది నాతో ఒకే షిఫ్టులో పని చేసినవాడు. కాళ్లు ఆగక నేనూ షెడ్డుకు వెళ్లాను. మెషిన్ అద్దం వెనక, టూలు వేడెక్కకుండా పోసే పాలలాంటి నీళ్లు పడుతున్నాయి. వాటి కింద టూలు కదులుతోంది. అతను కాసేపు చూసి నావైపు తిరిగాడు.

"అన్నా, గీ ప్రోగ్రామ్ నువ్వు దిద్దినవా?"

"ఎందుకు, ఏమైంది?"

"మూల మలిగే ముందు జెర నిమ్మలంగ పోతున్నది. గట్ల నడిపేది నువ్వొక్కనివే."

మూలల దగ్గర కుడిచేత్తో నాబ్ తిప్పి వేగం తగ్గించడం నా అలవాటు. అంకెలు దిద్దుతూ, నాకు తెలియకుండానే, సరిగ్గా అక్కడ తగ్గించి రాశాను. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అతను నూనె చేతిని వేస్టు గుడ్డకు తుడుచుకుని ముందుకు చాపాడు. ప్రమాదం తర్వాత ఎవరికీ ఇవ్వని కుడిచెయ్యి ఇచ్చాను. మిగిలిన మూడు వేళ్లనూ గట్టిగా పట్టుకుని, మెషిన్ ఆగేదాకా అతను వదల్లేదు.