రెండో మనిషి రాసింది ఏమైంది?

గిద్దలూరులో మా ఎదురింటి అక్క మొన్న ఆదివారం పొద్దున కన్నుమూసింది. రెండు కిడ్నీలూ పాడై ఏడాదిగా బాధపడుతున్నా, ఇంత తొందరగా పోతుందని మేమెవరం అనుకోలేదు. ఈ నాలుగు మాటలు రాసి "అక్కా, ఒకసారి చూడు" అనడానికి ఎదురింట్లో ఇప్పుడు అక్క లేదు.

నాకు పని నేర్పింది అక్కే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ భద్రంగా దాచిపెట్టే టూల్ ఒకటి మా కంపెనీ తయారుచేస్తుంది. దానికి బొమ్మలూ బటన్లూ ఉండవు, కమాండ్లు టైపు చేయాలి. అది సరిగా పనిచేస్తోందా అని చూడడానికి మేం టెస్టులు రాస్తాం. ఆ టెస్టులే సరిగా ఉన్నాయా అని చూడడం అక్క పని. ఒక్కొక్కటీ పైకి చదివేది, బైబిలు చదివినంత నిదానంగా. మధ్యలో నా టీ చల్లారిపోతోందని కసిరేది.

"పాసయిందని సంబరపడొద్దు పాపా. కోడును కావాలని చెడగొట్టి చూడు. అప్పుడూ పాసయితే అదేం టెస్టు?" అనేది.

డయాలసిస్‌కు మార్కాపురం వెళ్లేటప్పుడు తోడు వెళ్లేదాన్ని. ఒక చేయి మిషన్‌కు ఇచ్చి, ఇంకో చేత్తో పని చేసేది. కిందటి నెల అక్కడే ఒక టెస్టు దగ్గర ఆగిపోయింది. ఇద్దరు మనుషులు ఒకే ఫైలును మారిస్తే, టూల్ ఆ మార్పుల్ని సరిగా కలుపుతోందా అని చూడాల్సిన టెస్టు అది. కలపడం పూర్తయిందా అని మాత్రమే చూస్తోంది.

"మరి రెండో మనిషి రాసింది ఏమైంది?" అంది.

నడిపి చూశాం. రెండో మనిషి రాసిన లైన్లు లేవు. తప్పు జరిగిందని టూల్ చెప్పనూ లేదు.

మర్నాడే రిలీజ్. "తర్వాత చూద్దాంలేమ్మా" అన్నాడు మేనేజరు ఫోన్‌లో. అక్క వదల్లేదు.

"ఎవరో కష్టపడి రాసుకున్నది సార్. పోయిందని కూడా వాళ్లకు తెలీదు. నేను ఒప్పుకోను."

రిలీజ్ ఆగింది. తప్పు సరిచేశారు. ఆ రోజు ఇంటికొచ్చే రైల్లో అక్క నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అంత హాయిగా నిద్రపోవడం ఈ ఏడాదిలో నేనెప్పుడూ చూడలేదు.

సమాధి చేసి వచ్చాక, కంపెనీకి పంపాల్సిన లాప్‌టాప్ కోసం వాళ్లింటికి వెళ్లాను. తెరిచి చూస్తే ఖాళీ స్క్రీన్. మూలన చిన్న గీత ఒకటి వెలిగి ఆరుతోంది. అక్క వాళ్లమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ గీత మీద వేలు ఆనించింది.

"ఇదింకా కొట్టుకుంటానే ఉందే" అంది.

నేను మూయబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండనీ పాపా. కాసేపు అట్ల ఉండనీ."

చార్జింగ్ అయిపోయి దానంతట అదే ఆరిపోయేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.