రెండున్నరకి పడే కత్తి

ఆ రోజు నేను చేసిన తప్పు ఒకే ఒక్క వాక్యం. "మాస్టారు చెప్పినట్టే చేశాం సార్" అన్నాను. అనడానికి రెండు సెకన్లు పట్టి ఉంటుంది. ఇన్నేళ్ళు గడిచినా దాని చేదు నాలుక మీద అలాగే ఉంది. చాలామంది తమ కుర్రతనపు తప్పుల్ని వయసు మీదికి నెట్టేసి హాయిగా ఉంటారు. నాకు ఆ వీలు కూడా లేదు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, మెడలో ఐడీ కార్డు ఉంది, దాని మీద 'సీనియర్' అని కూడా ఉంది (కంపెనీలో ఉన్న ఏడుగురిలో ఐదుగురం సీనియర్లమే).

ఆ రోజుల్లో హైదరాబాదులో ఐడీ కార్డు అంటే జంధ్యం లాంటిది. ఆదివారం కొత్తిమీర కొనడానికి వెళ్ళినా తీసేవాళ్ళం కాదు. ఫోన్లలో రంగుల తెరలు అప్పుడప్పుడే వస్తున్నాయి, ఇంకా మీటలు నొక్కే కాలమే. ఆ చిన్న తెర మీద కత్తియుద్ధం ఆట చేసి ప్రపంచాన్ని జయించాలని మా బాస్ కంపెనీ పెట్టాడు. బాస్ ఒక నిర్మాత గారి మేనల్లుడు. కాలిఫోర్నియాలో రెండేళ్ళు ఉండి, చదువు సంగతి నాకు తెలియదు గానీ, యాస మాత్రం పూర్తి చేసుకుని వచ్చాడు. ఆఫీసు ఫిలింనగర్‌లో ఆ మేనమామ గారి బంగళాలోనే. అంతకుముందు దాన్ని షూటింగులకు ఇచ్చేవారట. మా మెట్ల మీద నిలబడి ఎందరు తండ్రులు "ఈ పెళ్ళి జరగదు" అన్నారో లెక్కలేదు. సర్వర్ని పూజగదిలో పెట్టాం. రోజూ పొద్దున్నే పనిమనిషి దానికి ఒక మందారం పెట్టి వెళ్ళేది. మా కంపెనీలో సమయానికి పని పూర్తిచేసేది ఆ సర్వరొక్కటే కాబట్టి మేమూ అభ్యంతరం చెప్పలేదు.

ఆటలో ఎవరు ఎలా కొట్టాలి, ఎదుటివాడు ఎలా కాచుకోవాలి అన్నది నిర్ణయించే పని నాది. ఏలూరు నుంచి ఎంసీఏ పట్టాతో వచ్చిన నేను అప్పటిదాకా పట్టిన అతిపెద్ద ఆయుధం వంకాయలు తరిగే చాకు. అయినా కాగితం మీద భలే రాశాను. అయిదు నొక్కితే వేటు, రెండు నొక్కితే గెంతు, ఎనిమిది నొక్కితే వంగడం, సున్నా నొక్కిపట్టుకుంటే కత్తి అడ్డం పెట్టి కాచుకోవడం. అది చూసి నిర్మాత గారికి నా మీద నమ్మకం కలగలేదు. "వీడికి కత్తంటే ఏంటో చూపించండి" అని కృష్ణానగర్ నుంచి ఒక పాత ఫైటర్ని పంపించారు. ఆయన్నే మేమందరం మాస్టారు అనేవాళ్ళం.

మాస్టారు పుట్టింది షేక్‌పేట. ముప్పై ఏళ్ళుగా సినిమాల్లో సైనికుడిగా, దొంగగా, దొంగసైనికుడిగా చస్తూ వచ్చిన మనిషి. ముఖానికి గుడ్డ కట్టుకునో, శిరస్త్రాణం పెట్టుకునో చావడం ఆయన వంతు. టైటిల్స్‌లో పెద్ద ఫైట్ మాస్టర్ పేరు ఒక్కటే పడుతుంది, పడేవాళ్ళ పేర్లు పడవు. మొదటి రోజే చెక్కకత్తి బల్ల మీద పెట్టి, "సారూ, ఒక్క మాట అడుగుత. మీ ఆటల నా పేరు ఏస్తరా?" అన్నాడు. వేస్తామన్నాను. "మా బిడ్డ అత్తగారింట్ల ఎవ్వరు నమ్మరు సారూ. మీ నాయన యాక్టర్ అంటవు, ఏ సినిమాల ఉన్నడో చూపియ్యి అంటరు. అది టీవీ ఆపి, గో గా మూల పండుకున్నడు చూడు, గాయనే అని చూపిస్తది. వీపు చూసి ఎవరు గుర్తుపడ్తరు?" ఆయన నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వి, చివరి తెర మీద నాలుగు వరుసలుంటాయనీ, బాస్, నిర్మాత గారు, నేను, ఆ తర్వాత నాలుగో వరుస ఆయనదేననీ మాటిచ్చాను.

రెండు వారాలు ఆయన మా మేడమీద కత్తి తిప్పాడు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. సినిమా కత్తియుద్ధానికి ఒక పద్ధతి ఉంది. కొట్టేవాడు ముందు కత్తిని బాగా పైకెత్తాలి, హీరోకి కనపడాలి. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టి సరిగ్గా మూడుకి దించాలి. అదీ మనిషి మీదికి కాదు, హీరో కత్తి ఎక్కడుంటుందో అక్కడికి. నేను ముచ్చటపడిపోయి ఆటలో శత్రువులందరికీ ఇదే నేర్పించేశాను. మొదటి అంకంలో కాపలావాడి దగ్గర్నుంచి చివర్లో మీసాల మహారాజు దాకా అందరూ కత్తి ఎత్తి, మూడు లెక్కపెట్టి దించేవాళ్ళు.

నాలుగో రోజో ఐదో రోజో అది చూసి మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "గిది సినిమా కత్తి సారూ. హీరో ఆపేటట్టే మేం కొడ్తం. ఆపకపోతే రేపటి సంది మాకు పని ఉండది. నిజంగ కొట్టేటోడు గిట్ల చెప్పి కొట్టడు. ఒకటి, రెండు అని మూడు అనకముందే, రెండున్నరకే దించుతడు. గప్పుడు కత్తి అడ్డం పెడ్త అంటే కుదరది. ముందు కాలు జరగాలె, చెయ్యి ఎనకొస్తది. ఆపుడు అంటే గదీ."

నేను శ్రద్ధగా రాసుకున్నాను. "రెండున్నరకే వేటు. కాలు ముందు, చెయ్యి తర్వాత." దాని పక్కనే "అవసరం లేదు" అని కూడా రాసి, కింద రెండు గీతలు గీశాను. ఫోన్లో అంత చోటు లేదు, అన్ని కదలికలు పట్టవు అని నాకు నేను కారణం చెప్పుకున్నాను. నిజానికి అది శుక్రవారం, సాయంత్రం సినిమాకి రూమ్మేట్లు టికెట్లు తీసి పెట్టారు (ఆ సినిమా కూడా బాగాలేదు).

ఆట చూపించే రోజు వచ్చింది. మాస్టారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, చివరి తెర చూడటానికి కళ్ళజోడు జేబులో పెట్టుకుని వచ్చి గోడవారన కుర్చీలో కూర్చున్నాడు. బాస్ మా టెస్టింగ్ అమ్మాయిని పిలిచి చివరి అంకం ఆడి చూపించమన్నాడు. ఆమె ఎర్రగడ్డ నుంచి వచ్చేది, దాపరికం అన్నది తెలియని మనిషి. కుడిచేతిలో చాయ్ గ్లాసు, ఎడమచేతిలో ఫోను పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. మీసాల మహారాజు కత్తి ఎత్తినప్పుడల్లా లోపల మూడు లెక్కపెట్టి సున్నా నొక్కింది, వెంటనే అయిదు నొక్కింది. మధ్యమధ్య చాయ్ తాగింది. ఫోను వంక ఒక్కసారి కూడా చూడకుండా మహారాజుని చంపేసింది.

"అయిపోయిందా?" అన్నాడు బాస్.

"సచ్చిండు సార్. పాపం మంచోడు, ప్రతిసారి చెప్పి కొట్టిండు."

బాస్ ముఖం ఎర్రబడింది. కాలిఫోర్నియా యాస జారిపోయి సొంత ఊరి గొంతు బయటికొచ్చింది. "ఏంటిది? డిఫెన్స్ అంటే ఇదా? గుడ్డివాడు కూడా గెలిచేట్టున్నాడు. ఎవరు చేశారయ్యా ఈ డిజైన్?"

ఆ వాక్యం అప్పుడే అన్నాను. అంటూ గోడవారన కుర్చీ వైపు చెయ్యి కూడా చూపించాను.

మాస్టారు నా వంక చూశాడు. నోటుబుక్కు నా ఒళ్ళోనే ఉంది. ఆయన రెండున్నర సంగతి ఒక్క మాట చెబితే నా పని అక్కడికి సరి. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "అవ్ సారూ, నాదే పొరపాటు. నాకు సినిమా కత్తే తెలుసు" అన్నాడు. ఎవరు కత్తి ఎత్తినా, తగిలినా తగలకపోయినా, మూడు అనేసరికి పడిపోవడం ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని. అలాగే పడ్డాడు. నేను హీరోలా నిలబడ్డాను. బాస్ ఆయన పేరు తీసేయమన్నాడు. గంట తిరక్కుండా ఆ నాలుగో వరుసలోకి బాస్ బావమరిది పేరొచ్చింది (ఆ బావమరిదిని మేమెవరం ఎప్పుడూ చూడలేదు). మాస్టారు చెక్కకత్తి చంకలో పెట్టుకుని, కళ్ళజోడు జేబులోంచి తీయకుండానే, కృష్ణానగర్ వైపు రోడ్డు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం టెస్టింగ్ అమ్మాయి నా బల్ల మీద నోటుబుక్కు తెరిచిపెట్టి ఆ పేజీ మీద వేలు పెట్టింది. "అన్నా, గీ చేతిరాత ఎవరిది?"

"నాదే."

"గీ రెండు గీతలు?"

"అవీ నావే."

"స్కేలు పెట్టి గీసినట్టున్నవ్, మస్తు సక్కగున్నయి" అని గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. బాస్ నెల రోజులు తిట్టినా అంత తగిలేది కాదు.

మర్నాడు పొద్దున్న కృష్ణానగర్ వెళ్ళాను. ఇరుకు సందులో మూడో అంతస్తు మీద డాబా, దాని మీద పాత పరుపు పరిచి ఉంది. మాస్టారు ఒక్కడే దాని పక్కన కూర్చుని చెక్కకత్తి పిడికి గుడ్డ చుడుతున్నాడు. క్షమించమని అడగడానికి ఆటోలో వస్తూ నేను మూడు వాక్యాలు తయారు చేసుకున్నాను. మొదటిది సగంలో ఉండగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీరు కత్తి ఎత్తింది నాకు కనపడ్డది సారూ. మస్తు పైకెత్తిన్రు. ఆపొచ్చు నేను."

"మరెందుకు ఆపలేదు మాస్టారూ?"

"ఆపితే మీరు పడ్తరు. మీకు పడుడు రాదు. దెబ్బ తగుల్తది." గుడ్డ ముడి బిగించి లేచాడు. "ముందు పడుడు నేర్చుకోండ్రి. చెప్పులిడిచి రాండ్రి ఇటు."

ఐడీ కార్డు కూడా తీయించాడు. ఆ పరుపు మీద గంటసేపు పడ్డాను. గడ్డం గుండెకు ఆనించాలి, ముందు భుజం తగలాలి, నడుము ఆఖర్న. ఎన్నిసార్లు పడ్డా నా నడుమే ముందు తగిలింది. "మీరు సదువుకున్నోళ్ళు సారూ, వంగుడు కష్టం" అన్నాడు. పరుపు మీద పడుకునే నవ్వాను. పేరు సంగతి ఆయన ఎత్తలేదు. నేను కిందికి దిగుతుంటే మాత్రం, "మా బిడ్డకు ముందుగాల్నే చెప్పిన, గదే జర తప్పయింది" అన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా ఆఫీసుకెళ్ళి, అందరూ ఉండగానే నోటుబుక్కు బాస్ ముందు పెట్టి, మాస్టారు చెప్పింది ఇదీ, నేను చెయ్యకుండా వదిలేసింది ఇదీ అన్నాను. గడ్డం గుండెకు ఆనించే ఉంచాను. బాస్ తిట్టాల్సినవన్నీ తిట్టి, వారం గడువిచ్చాడు. మాస్టారిని మళ్ళీ పిలిపించాం. మీసాల మహారాజు రెండున్నరకి కొట్టడం నేర్చుకున్నాడు. కాచుకోవాలంటే ముందు నాలుగు నొక్కి కాలు వెనక్కి వెయ్యాలి, వెంటనే సున్నా నొక్కాలి, రెంటికీ మధ్య ఆలస్యమైతే తల తెగుతుంది. టెస్టింగ్ అమ్మాయి మొదటి ఆటలో పదిహేను సెకన్లకే చచ్చింది, రెండోసారి ఇంకా ముందే చచ్చింది. మూడోసారి ఆడబోతూ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది. అంతకు మించిన ప్రశంస నా ఉద్యోగ జీవితంలో మళ్ళీ రాలేదు.

పేరు దగ్గర మాత్రం బాస్ మెత్తబడలేదు. "నాలుగు లైన్లే పడతాయి. వెయ్యాలంటే ఒకటి తియ్యాలి. ఎవరిది తీస్తావో నువ్వే చెప్పు" అన్నాడు. బావమరిది జోలికి వెళ్ళే ధైర్యం నాకు లేదు (పశ్చాత్తాపానికి కూడా ఉద్యోగ భద్రత కావాలి). నా పేరు తీసేసి, చివరి వరుసలో మాస్టారి పేరు పెట్టాను.

అది చూపించడానికి ఫోను పట్టుకుని కృష్ణానగర్ వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకునేలోగా పేర్లు వచ్చి వెళ్ళిపోయాయి. "జర ఉండనియ్యరాదు సారూ" అన్నాడు. తిరిగొచ్చి ఆ రోజే మార్చాను. మొదటి మూడు పేర్లు వచ్చి వెళ్ళిపోతాయి, నాలుగోది నిలబడుతుంది. ఏదో ఒక మీట నొక్కితే తప్ప కదలదు. మర్నాడు మళ్ళీ తీసుకెళ్తే, ఆయన ఆ ఫోన్ని బల్ల మీద పెట్టుకుని, చాయ్ తెప్పించుకుని, తీరిగ్గా తాగుతూ చూశాడు. తర్వాత తన బిడ్డకి ఫోన్ చేసి, "నీ అత్తను పిలువు" అన్నాడు.

ఆట బయటికొచ్చాక బాస్‌కి ఒక ఫిర్యాదు అందింది. చివర్లో ఎవరిదో పేరు దగ్గర ఆట ఆగిపోతోందట, సరిచెయ్యాలట. చూస్తానన్నాను. ఆ కంపెనీలో ఉన్నంతకాలం చూస్తూనే ఉన్నాను. ఆ ఫోను ఇప్పటికీ నా సొరుగులో ఉంది, దానికి సరిపడే చార్జరే ఎక్కడా దొరకడం లేదు. ఆ ఆట నేనే చేశానంటే మా అమ్మాయి నమ్మదు, నీ పేరేదీ అంటుంది. పోనీ టీవీ ఆపి చూపిద్దామంటే, అందులో నా వీపు కూడా లేదు.