తుత్తం నీళ్లలో గోదుమలు

మా ఇంటికి పెద్ద మా బావ, నా మొగుని అన్న. ఆయన పెద్దరికమంతా మీసాల్లోనే ఉండేది, తలకాయలోకి ఎక్కలే. కర్నూలు రాజధానిగా ఉండిన రోజులవి. కోసిగి పక్క నల్లరేగడి మాది. ఆ ఏడు జొన్న పోయింది. గోదుమ గూడా పోతే ఇల్లు మూసి కూలికి పోవాల్సిందే. ఇంట్లో విత్తనం ఒక్క గంపెడే ఉండె.

కాటుక తెగులు రాకుండా గింజల్ని మైలుతుత్తం నీళ్లలో ముంచి, వెంటనే తీసి ఆరబోయమని సర్కారు మనిషి చెప్పిపోయినాడు. బావ బానలో ముంచినాడు. ముంచి, విత్తే గొర్రు బయటికి తెస్తాంటే, మిరపకాయలు దంచుతాండిన నేను తుమ్మితి. అంతే, గొర్రు దించేసినాడు.

"ఒంటి తుమ్ము! ఈ పొద్దు విత్తేది లేదు."

"విత్తకుంటే మానె. గింజలన్నా తీసేయి బావా," అంటి.

"విత్తనానికని బయటికి తీసింది మళ్లీ ఇంట్లో పెడతారా? నానితే మందు ఇంకా బాగా పడుతాదిలే. నీకేం తెలుసు, పో."

మంచి గడియ కోసం ఆయప్ప మంచమెక్కినాడు. రెండు దినాలు గింజలు నీలం నీళ్లలోనే ఉండి ఉబ్బినాయి. ఎండకు, గాలికి చేన్లో పైపదును ఆరిపోయింది. తీరా గడియ వచ్చినాక, తడి అడుగున ఉండాదని, గొర్రు లోతుగా దిగాలని దాని మీద తానే ఎక్కి కూర్చున్నాడు. ఎద్దులు నురగలు కక్కినాయి. వెనక గొర్రు జడ్డిగం గిన్నెలో గింజలు వదులుతా నేను నడిస్తి.

పక్కన సాయిబుల చేన్లో సాళ్లు పచ్చగా తేలినాయి. మా చేను నల్లగానే ఉండె. వేలితో మన్ను తోడి చూస్తి. శానా గింజలు కుళ్లిపోయినాయి. మొలిచినవి తెల్లగా, దారం మాదిరి వంకర్లు తిరిగి, పైకి రాలేక మన్ను కిందనే చచ్చినాయి. బావను పిలిచి చూపిస్తి.

"అంతా నీ తుమ్ము పుణ్యం," అన్నాడు మీసం దువ్వుకుంటా.

థూ! ఈ మనిషికా నేను ఇన్నేండ్లు సంగటి వడ్డించింది అనిపించె.

మూటలు కట్టుకుంటిమి. వాకిలికి తాళమేస్తాంటే బావకే తుమ్మొచ్చింది. ఒక్కటే. అందరం ఆగి ఆయన మొగం చూస్తిమి.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నిలబడతారేమి? పాండి, పొద్దుపోతాది," అన్నాడు.