తమలపాకుకు వంద క్యాండిల్ బల్బు

మా పాపకు మూడో నెల వచ్చినప్పుడు అత్తయ్యగారు కాకినాడ నుంచి ఒక తమలపాకు తీగ తెచ్చారు. తడిగుడ్డలో చుట్టి రైల్లో రాత్రంతా ఒళ్ళో పెట్టుకునే వచ్చారట. పసిపిల్లకు కడుపు ఉబ్బరించినా జలుబు చేసినా తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చచేసి, పొట్టమీదో గుండెమీదో వేయడం వాళ్ళింటి వైద్యం. తిరిగి వెళ్తూ గుమ్మంలో ఆగి ఇంకో మాట అన్నారు.

"మళ్ళీ నేనొచ్చేసరికి తీగా, పిల్లా ఇద్దరూ ఎదగాలమ్మాయ్. నీవల్ల కాకపోతే చెప్పు, మొహమాటం లేదు. ఏడాది నిండేదాకా పిల్లని నేను తీసుకెళ్ళి పెంచుతాను."

నవ్వుతూనే అన్నారు. కానీ అదెలాంటి నవ్వో తేల్చుకోలేక నాకు చాలా రోజులు అన్నం సయించలేదు.

అప్పట్లో మేం హఫీజ్‌పేటలో ఒక ఇంటి కింది వాటాలో ఉండేవాళ్ళం. అటు మాదాపూర్ వైపు బండలు పేల్చి మేడలు లేపుతున్న రోజులు. మా ఆయన అలాంటి ఒక మేడలో, రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తారీఖు మరిచిపోకుండా చూసే పనిలో ఉండేవారు. మా వాటాకు ఉన్నది ఒకటే కిటికీ, తెరిస్తే పక్కింటి గోడ. తీగను బయట పెడదామంటే ఓనరమ్మగారి మేకలు. పాలపిండి డబ్బాలో మట్టి నింపి, తీగ నాటి, వంటింటి గట్టుమీద పెట్టాం.

"మొక్కకి కావలసింది వెలుతురు. అది సూర్యుడే ఇవ్వాలని ఎక్కడుంది?" అని మా ఆయన అట్టముక్కతో గొడుగు చేసి, దానికింద వంద క్యాండిల్ బల్బు వేలాడదీశారు. ఆరోజు నుంచి మా వంటిల్లు కోళ్ళఫారంలా వెలిగిపోయింది.

కొన్నాళ్ళకు తీగ అడుగున ఒక ఆకు పచ్చబారింది. తరవాత పై ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, అప్పడంలా పెళుసెక్కాయి. మధ్యలో కాడ మాత్రం ఆకుల్లేకుండా బారుగా సాగింది. నేను బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివాను. ఆకును అడ్డంగా కోస్తే లోపల ఏ పొర ఎక్కడుంటుందో ఇప్పటికీ గీసి చూపించగలను. ఆ పొరలున్న ఆకు ఎందుకు ఎండుతోందో చెప్పే పాఠం మాత్రం మా సిలబసులో లేదు.

ఓనరమ్మ చూసి చాలా సంతోషించింది.

"గిట్లయిందా? మంచిగయింది తియ్యమ్మా. నీ బిడ్డ దిష్టంత ఇది గుంజుకుంటున్నది. ఫికర్ చెయ్యకు."

"మరి ఇది చచ్చిపోతేనండీ? ఆ తరవాత దిష్టి ఎక్కడికి పోతుంది?"

"ఏందమ్మా నీ పరేషాన్! ఇంకో చెట్టు తెచ్చుకోరాదు?"

మాకు ఫోను లేదు. అత్తయ్యగారు పైన ఓనరమ్మ వాళ్ళకే చేసేవారు. ఆ ఆదివారం ఓనరమ్మగారి హాల్లో, ఆవిడా వాళ్ళాయనా టీవీ గొంతు తగ్గించి మరీ వింటూండగా, తీగ కాస్త వాడిందని చెప్పాను.

అత్తయ్యగారు వెంటనే అడిగారు. "బయటున్నప్పుడు గానీ ముట్టుకున్నావా?"

నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు తాకితే తమలపాకు తీగ మాడిపోతుందని వాళ్ళ వైపు గట్టి నమ్మకం. పాలిచ్చే తల్లిని, కాన్పయ్యాక నాకింకా ఆ గొడవే మొదలవలేదని, ఓనరుగారు ఎదురుగా పల్లీలు ఒలుచుకుంటూండగా ఎలా చెప్పను?

"లేదండీ" అన్నాను.

"సరే, వచ్చే వారం నేనే వచ్చి చూస్తాను. రెంటినీ."

ఆ 'రెంటినీ' విని, కిందికి దిగగానే మా ఆయనకు చెప్పాను. మా ఆయన ప్రోగ్రాముల్లో తప్పు వెతికే పద్ధతి చెప్పారు. "అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఒక్కోటీ మార్చి చూడాలి." బాగానే ఉంది. కానీ ఎవరేం చేస్తున్నారో ముందు తెలియాలిగా. అడిగితే, స్కూటరు తీసేముందు ఆయన చెంబుడు నీళ్ళు పోస్తున్నారు. పాపను ఎత్తుకోవడానికి వచ్చినప్పుడల్లా ఓనరమ్మ, పుణ్యముంటుందని, ఇంకో గ్లాసు పోస్తోంది. బియ్యం కడిగిన నీళ్ళు నేను పోస్తున్నాను. డబ్బాకు చిల్లు లేదు. మేకుతో అడుగున పొడిస్తే మురుక్కాలవ వాసనతో నల్లటి నీళ్ళు కారాయి. అడుగాకుల పసుపుకు కారణం దొరికింది. వేళ్ళకు ఊపిరాడటం లేదు.

పై ఆకులు మాడటం మాత్రం అర్థం కాలేదు. నీళ్ళు ఎక్కువైన మొక్క ఎండినట్టు పెళుసెక్కడమేమిటి? పాపకు నీళ్ళు పోసే వేళయింది. బొక్కెనలో మోచెయ్యి ముంచి వేడి చూసుకుంటూ ఆగిపోయాను. పాపకు పోసే నీళ్ళకు రోజూ ఇంత పరీక్ష చేస్తాను. ఆకును పెట్టినచోట ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశానా? వెళ్ళి, పై ఆకు పక్కన, బల్బు కింద, అరచేయి వెనక్కి తిప్పి పెట్టాను. పట్టుమని పది అంకెలు లెక్కపెట్టలేకపోయాను. మాడినవన్నీ బల్బు వైపున్న అంచులే. మేం తీగకు వెలుతురిస్తున్నామనుకుంటూ వేపుడు చేస్తున్నాం. అది వెలుతురు చాలక సాగుతూ, సాగిన కొద్దీ బల్బుకు దగ్గరై, దగ్గరైన కొద్దీ మాడుతోంది.

బల్బు తీసేయించి, పడగ్గదిలో ఉన్న ట్యూబులైటును ఊడదీయించి గట్టుకు పైన బిగించాం. ట్యూబులైటు ఆకుకు జానెడు దూరంలో ఉన్నా చెయ్యి కాలదు. ఇంట్లో అందరికీ నీళ్ళు బందు. మట్టిలో వేలు దించి, పొడిగా తగిలితేనే నేను పోస్తాను. రాత్రి పడుకునేముందు లైటు ఆర్పేస్తాను. మేం పడగ్గదిలో చీకట్లో తడుముకుంటూ తిరిగేవాళ్ళం. పాపకు గుడ్డలు మార్చాలన్నా తీగ దగ్గరికే ఎత్తుకెళ్ళేవాళ్ళం.

అత్తయ్యగారు వచ్చే ముందురోజుకు కొనన ఒక ఆకు విచ్చుకుంది. లేతగా, అంచులు మాడకుండా, నిండు పచ్చగా. నేను దాన్ని చూసి మొహం కడుక్కుని బొట్టు పెట్టుకున్నాను.

ఆవిడ వస్తూనే పాపను ఎత్తుకుని బరువు చూశారు. వంటింట్లోకి వచ్చి పైకి చూసి, "మొక్కకి ట్యూబులైటేంటమ్మాయ్, పెళ్ళి పందిరిలాగ?" అన్నారు. భోజనం వడ్డించాను. తినేసి, చెయ్యి కడుక్కుని, గట్టుకు ఆనుకుని నిలబడి, ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి చాచి ఆ ఆకు తుంచేశారు. కొంగుతో తుడిచి, సంచిలోంచి సున్నం తీసి రాసి, వక్క పెట్టి, మడిచి నోట్లో వేసుకున్నారు.

నేను నేలమీద కూలబడి ఏడ్చాను. ఏడుపంటే మామూలు ఏడుపు కాదు. మేడమీంచి ఓనరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? బిడ్డకేమన్న అయిందా?"

"ఆకండీ" అన్నాను.

"ఏమాకు?"

మా ఆయన నోట్లో ముద్ద అలాగే ఉంది. అత్తయ్యగారు నములుతూనే నావైపు తిరిగారు.

"ఒక్కాకు తుంచితేనే ఇలా శోకాలు పెడితే, పిల్లని తీసుకెళ్తే నువ్వు బతుకుతావుటే? ఆ మాటింక మర్చిపో. పిల్ల ఇక్కడే ఉంటుంది."

కళ్ళు తుడుచుకున్నాను. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

"ఒరేయ్" అన్నారు ఆవిడ, కొడుకు వైపు తిరిగి. "నా తిరుగు టికెట్టు కాన్సిలు చేయించు. పిల్ల రాకపోతే నేనే ఉంటాను. ఏడాది నిండేదాకా."

మా ఆయన నా మొహం చూశారు. అప్పటికే ఆవిడ పెట్టెలోంచి చీరలు తీసి నా బీరువాలో సర్దుతున్నారు.